ఎవరికీ ఏమీ చేయని బండి

యలహంక,
సెప్టెంబరు 1998

మా వారికి,

మునిలక్ష్మి నమస్కారాలు. ఇక్కడ మామ, నేను, రమ్య ముగ్గురమూ బాగున్నాము. మీరూ ఆ సిక్కిం చలిలో బాగున్నారనే అనుకుంటున్నాను. నేను పంపిన స్వెట్టరు వేసుకుంటున్నారో, మీ అలవాటు ప్రకారం పెట్టెలో భద్రంగా దాచారో ఆ దేవుడికే తెలియాలి.

మీరు అడిగినవాటికి వరుసగా జవాబులు రాస్తాను. రమ్య కళ్ళకు ఏమీ లేదట, డాక్టరు చూశారు. బోర్డు కనపడటం లేదన్నది ముందు బెంచీలో కూర్చునే చైత్ర పక్కకు మారడానికి మీ కూతురు వేసిన ఎత్తు. వంటింటి పెంకులు మార్పించాను, ఈ వానలకు ఒక్క చుక్క కారలేదు. మామ కాలు అలాగే ఉంది. చలిగాలి తగిలితే నొప్పి అంటారు, కర్ర చేతికిస్తే కోప్పడతారు. పొద్దున్నే వెళ్ళి మన పూలంగడి తలుపు తీసేది మాత్రం ఇప్పటికీ ఆయనే.

ఇక జీపు సంగతి. మీరు దసరాకు ఇంటికి రావాలంటే పెరట్లో ఆ బండి ఉండకూడదని, పాత సామాన్ల బజారు గుజరీలో ఇనుము కింద వేసెయ్యమని రాశారు. ఈ రెండేళ్ళలో సెలవు దొరకలేదని ఒకసారి, రైలు టికెట్టు దొరకలేదని ఒకసారి రాస్తే నేను నమ్మినట్టే ఉన్నాను. ఈసారి నిజం రాశారు, అందుకు సంతోషమే. కానీ జవాబు చెప్పేముందు నన్ను కొంచెం వెనక్కి పోనివ్వండి. తొందరపడి కింద ఏముందో చూడకండి.

మన పెళ్ళయ్యాక హిందూపురం నుంచి నన్ను తీసుకొచ్చింది ఆ జీపే. మావాళ్ళు అంబాసిడరు వస్తుందని వీధంతా చెప్పుకున్నారు. వచ్చింది మిలిటరీవాళ్ళు వేలంలో వదిలించుకున్న డిస్పోజల్ జీపు. పైన మామ పూయించిన నీలం రంగు, గీరుకుపోయిన చోటల్లా లోపలి పచ్చరంగు. మా అమ్మ మొహం చూడాల్సింది. నాకు మాత్రం ఎక్కగానే చామంతుల వాసన కొట్టింది. ఇప్పటికీ చామంతి బుట్ట దించుతుంటే నాకు ఆ ప్రయాణమే గుర్తొస్తుంది.

తెల్లవారకముందే మీరూ మామా యలహంక నుంచి నందికొండ కింది పల్లెలకు పోయి పూలు వేసుకొచ్చేవారు. బస్సు పోని దారులు, వానొస్తే ట్రాక్టరు కూడా దిగబడే దారులు. మీకు స్టీరింగు అప్పగించిన నాటి నుంచి మామ ముందు సీట్లో కూర్చోలేదు. వెనక పూలమూటల మధ్య కూర్చుని దారి పొడుగునా మీకు తోలడం నేర్పుతూ వచ్చేవారని, నేర్చుకున్నాక కూడా నేర్పడం మానలేదని మీరు నవ్వుతూ చెప్పేవారు. ఇంటికి వచ్చేసరికి ఇద్దరి తలల నిండా పూలరేకులు. ఆ రోజుల్లో ఈ ఇంట్లో ఎంత నవ్వు ఉండేదో!

ఆ వాన రోజు గురించి మనం ఎప్పుడూ నోరు తెరిచి మాట్లాడుకోలేదు. ఎత్తు ఎక్కుతుంటే వెనక ఇరుసు విరిగింది, బ్రేకు పట్టలేదు, బండి వెనక్కి జారి గట్టుకు కొట్టుకుంది. వెనకున్న మామ కిందపడి తొడ ఎముక విరిగింది. ఇరుసు శబ్దం చేస్తోంది, మార్పించాలి అని అంతకుముందు నెల నుంచీ మీరు అంటూనే ఉన్నారు, మార్పించలేదు. అదే మిమ్మల్ని తినేసింది. ఆస్పత్రిలో మీరు మంచం పక్కన తల వంచుకుని కూర్చునేవారు, మామ గోడ వైపు చూసేవారు. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఆయన ఇంటికి రాగానే మీరు సిక్కింలో రోడ్డు పనికి పేరిచ్చి వెళ్ళిపోయారు. ఆయన మౌనం కోపమే అనుకున్నారు. నిజం చెప్పాలంటే నేనూ అదే అనుకున్నాను.

మీ ఉత్తరం మామకు చదివి వినిపించాను. సరే, గుజరీకి పోదాం పద అన్నారు. మెకానిక్ రియాజ్‌ను వెంటబెట్టుకుని శివాజీనగర్ వెళ్ళాం. బండి బేరం మాట్లాడటానికి వచ్చిన మామ, అక్కడ మూలన విప్పి పెట్టిన ఇంకో పాత జీపు దగ్గర ఆగిపోయారు. చక్రం తిప్పి చూశారు, చెవి పెట్టి విన్నారు. అంగడి యజమాని శ్రీనివాసప్పను ఆయన అడిగిన మొదటి మాట ధర కాదు, ఈ బండి ఎవరికన్నా దెబ్బ తగిలించిందా అని. రక్తం చూసిన బండి ఇనుము మన బండికి తగిలించకూడదన్న ఆయన పట్టింపు మీకు తెలుసు కదా. ఆయనొక్కరే కాదు, అక్కడ కొనేవాళ్ళందరూ అదే అడుగుతారట. చిక్కమగళూరు కాఫీతోటలో నీళ్ళ ట్యాంకు లాగిన బండి, కోడిని కూడా తొక్కలేదు అని శ్రీనివాసప్ప ప్రమాణం చేశాడు. మామ దాని వెనక ఇరుసు ఊడదీయించి లగేజీ ఆటోలో వేయించారు. అమ్మడానికి వెళ్ళి కొనుక్కొచ్చాం. కోప్పడాలనిపిస్తే కోప్పడండి, ఇంత దూరం వినపడదు.

రియాజ్ మన పెరట్లోనే పని పెట్టాడు. మన ముందు ఇరుసు గట్టిగానే ఉంది, దాని జోలికి పోవద్దన్నాడు. మామ స్టూలు వేసుకుని కూర్చుని ఒక్కొక్క బోల్టుకూ ఒక్కొక్క సలహా ఇచ్చారు. రియాజ్ ఓపికకు దండం పెట్టాలి. తారురోడ్డు మీద బండి చక్కగా నడిచింది. బురదలోకి దింపి, నాలుగు చక్రాలూ లాగేందుకు వేసే ఆ కడ్డీ వేయగానే మూలిగింది, ఎగిరెగిరి పడింది, ఇక కదలనని మొరాయించింది. రియాజ్ నాలుక కరుచుకున్నాడు. రెండు ఇరుసుల లోపలి పళ్ళచక్రాల లెక్కలు వేరట. ముందు చక్రాలు ఒక లెక్కన, వెనక చక్రాలు ఇంకో లెక్కన తిరుగుతామంటే మధ్యలో బండి ఏం చేస్తుంది పాపం. మామ పెద్దగా నవ్వారు. మీరు వెళ్ళాక ఆయన అలా నవ్వగా నేను వినలేదు. జత విడగొట్టి తెచ్చింది మనమే అంటూ మళ్ళీ గుజరీకి బయలుదేరదీశారు, ఆ కాఫీతోట బండి ముందు ఇరుసు కూడా తేవడానికి.

ఇప్పుడు అసలు సంగతి. ఇది ఎలా రాయాలో తెలియక ఇంతసేపు చుట్టూ తిరిగాను.

ఆ రెండోసారి మన పాత ఇరుసులు రెండూ శ్రీనివాసప్పకే ఇచ్చేద్దామని వెంట తీసుకెళ్ళాం. అతను వాటిని అటూ ఇటూ తిప్పి చూశాడు. రేపు కొనేవాళ్ళు అడిగితే అతను జవాబు చెప్పుకోవాలి కదా. అందుకని మామను అడిగాడు, "పెద్దాయనా, మీ బండి ఎవురికన్నా దెబ్బ తగిలించిందా?"

నేను తల దించుకున్నాను. ఆ రోజు తప్పక తెచ్చుకున్న కర్ర మీద ఆనుకుని మామ నిలబడి ఉన్నారు. ఆ కాలు వంకర గుడ్డివాడికి కూడా తెలుస్తుంది. ఆయనకు అబద్ధం చేతకాదు. నిన్నటి పూలను ఇవాళ్టివని ఒక్కనాడూ అమ్మని మనిషి.

"లేదప్పా," అన్నారు. "ఎవురికీ ఏమీ చేయలేదు."

శ్రీనివాసప్ప కర్ర వైపు ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా ఇరుసులు లోపలికి మోయించాడు.

తిరిగి వస్తుంటే ఉండబట్టలేక అడిగాను, అలా చెప్పారేం మామా అని. హెబ్బాళ దాటాక జవాబిచ్చారు. "నిజమే చెప్పినా. ఇరుసు విరిగింది, నేను పడినా. అంతే. మంజు నన్ను ఇట్ల చేసినాడని ఒక్క దినం కూడా నేను అనుకోలేదు లక్ష్మీ."

మరి ఆ మాట మీతోనే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"ఆస్పత్రిలో వాడు తల వంచుకోని కూర్చోని ఉండాడు. నేను నోరు తెరిస్తే ఏడుపొస్తాదని గమ్మునుంటిని. అంతలో వాడు పోయినాడు. ఇంక నాకు చెప్పేదానికి చేతకాలేదు."

ఏడుపు ఆపుకోవడానికి నోరు మూసుకున్న మనిషిని, కోపంతో మూసుకున్నాడని మనిద్దరమూ అనుకున్నాం. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఒకే ఇంట్లో ఉండి కూడా నేను అడగలేదే అని నా మీద నాకే కోపం వచ్చింది.

రెండు ఇరుసులూ జతగా పడ్డాక బండి మళ్ళీ మాట వింటోంది. రియాజ్ దగ్గర నేను తోలడం నేర్చుకున్నాను, ఆ మాట కూడా ఇక్కడే చెప్పేస్తున్నాను. పోయిన ఆదివారం మామను ఎక్కించుకుని ఆనాడు బండి జారిన ఆ ఎత్తు దగ్గరికే వెళ్ళాను. ముందు కూర్చోమంటే వినలేదు, వెనకే ఎక్కారు. ఎత్తు మొదట్లోనే కడ్డీ వేశాను. నాలుగు చక్రాలూ ఒక్కటిగా నేలను పట్టుకున్నాయి, బండి పైకి ఎక్కేసింది. మామ దిగి, పూలతోటల వైపు చాలాసేపు చూశారు. మంజు ఇక్కడ సెకండు గేరులోనే ఎక్కించేవాడు అన్నారు. ఆ గొంతులో ఎంత గర్వం ఉందో మీరు వినాల్సింది.

కాబట్టి మీకు నా జవాబు ఇది. బండిని అమ్మలేదు, అమ్మను. ఆయుధపూజకు కడిగి బొట్టు పెట్టి దండ వేస్తాం. టికెట్టు తీసుకుని ఏ రోజు దిగుతారో రాయండి, స్టేషనుకు నేనే జీపు తెస్తాను. ఎక్కడానికి మనసు రాకపోతే మీరు ఆటోలో రండి, నేను మీ వెనకే తోలుకుంటూ వస్తాను. ఇంటికి మాత్రం రండి.

ఈ ఉత్తరం మొత్తం మామకు చదివి వినిపించాను. ఒక్క మాట కూడా తీసేయమనలేదు. కింద కాస్త చోటు వదలమన్నారు, వదులుతున్నాను.

ఇట్లు,
దసరాకు దారి చూస్తూ ఉండే
మీ ఇల్లాలు
మునిలక్ష్మి

అప్పా మంజూ, కోడలు బ్రేకు మీద నుంచి కాలు తీయదు. నువ్వొచ్చి తోలు.
నాయన