నీళ్ల కింద నలభై ఫీట్ల రోడ్డు

మొయినాబాద్,
శనివారం, సెప్టెంబర్ 2005

అక్కకు,
శాంసన్ వందనాలు. బావ బతికే ఉన్నాడు. ముందు ఆ మాట చదివి, తర్వాత కూర్చొని మిగతాది చదువు.

వానలకు చెరువు మళ్లీ నిండింది. అది ఎండిన కరువు ఏండ్లలో మనం జొన్న వేసుకున్న చెరువు లోపలి శిఖం భూమి, ఆ తర్వాత హైటెక్ సిటీ వాళ్ల కోసం ప్లాట్లు చేసిన వెంచరు, అంతా మునిగింది. ఆ వెంచరుకు కాపలా ఉన్న బావ బయటికి రాలేదు. చేపలు పట్టే అంజయ్య పుట్టిలో ఇద్దరం వెతకడానికి పోయాం.

ఈసీ వాగు చెరువులో కలిసే చోట పాయలుగా చీలి జమ్ములో మెలికలు తిరుగుతుంది. ఏ పాయలో పోయినా బయలుదేరిన చోటికే వచ్చినట్టు అనిపించింది. ఒక్క కొంగ లేదు. తెడ్డు చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. ఒక మలుపు తిరిగేసరికి నీళ్ల మధ్యలో వెంచరు కమాను నిలబడి ఉంది. అది దాటాక నీటి కింద హద్దులకు పాతిన తెల్ల రాతి కడీలు వరుసగా కనిపించాయి, ప్లాటు నంబర్లతో సహా.

దూరంగా ఒక మనిషి నడుము లోతు నీళ్లలో నడుస్తున్నాడు. తిన్నగా వచ్చి, ఏమీ లేని చోట ఆగి, వీధి మూల తిరిగినట్టు తిరిగి, మళ్లీ తిన్నగా నడిచాడు. అంజయ్య తెడ్డు ఆపేశాడు.

"మనిషేనా?" అన్నాడు.

బావ మమ్మల్ని చూసి అరిచాడు. "అరే బామ్మర్దీ, మంది ప్లాట్ల మీదికెళ్లి వస్తున్నవేందిరా? రోడ్డు మీదికెళ్లి రా!"

"రోడ్డేడున్నది బావా?"

"గా కడీలకు ఇవతల. నలభై ఫీట్లది. కండ్లు కనవడ్తలేవా?"

అంజయ్య నవ్వబోయి మానుకున్నాడు. రోడ్డు మీదుగానే పోయాం. బావ పుట్టి ఎక్కలేదు. "బిడ్డనిడిసి ఎట్ల వస్త?" అన్నాడు. జ్వరంతో పోయిన మీ ఆరేండ్ల రూతును ఆ చేను మూలనే కదా పూడ్చి పెట్టాం, ఇక అక్కడికి నీళ్లు రావనుకొని. ఇప్పుడది ఎవరిదో ప్లాటు. దాని చుట్టూ నడుస్తాడు గాని లోపల అడుగు పెట్టడు. కాపలా పని ఎందుకు ఒప్పుకున్నాడో నాకు అప్పుడు తెలిసింది.

కాపలా గది కప్పు మీద పడుకుంటున్నాడట. ఎగువన ఇంకా వాన పడుతోంది. నీళ్లు పెరిగితే ఆ కప్పు కూడా మునుగుతుంది. బిడ్డను పెట్టినప్పటి నుంచి నువ్వు చేవెళ్ల హాస్టల్లో వంట చేసుకుంటూ ఇటు తిరిగి చూడలేదు. అయినా నీ మాటే వింటాడు. ఏం చెప్పమంటావో రాసి, ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవర్ చేతికే ఇవ్వు.
నీ తమ్ముడు,
శాంసన్

చేవెళ్ల,
ఆదివారం

తమ్ముడు శాంసన్‌కు,
ఆయనను రమ్మని అడగకు. అడిగితే రాడు. బిడ్డను తీసుకురమ్మని నేను అన్నానని చెప్పు. ఇంకేమీ అనకు.
కరుణమ్మ

మొయినాబాద్,
సోమవారం

అక్కకు,
నువ్వు చెప్పమన్నది నిన్న సాయంత్రం చెప్పాను. నీళ్లు బావ చంకల దాకా వచ్చాయి. "మీ అక్క గట్లనే అన్నదా?" అని అడిగాడు.

"గట్లనే అన్నది బావా."

మొదటిసారి రోడ్డు దిగి, కడీ దాటి ప్లాటులోకి పోయాడు. వంగితే తల కూడా మునిగింది. పైకి లేచినప్పుడు చేతుల్లో ఏమీ లేదు. కానీ బరువు మోస్తున్నట్టే నడిచి వచ్చాడు. ఎవరూ చెప్పకుండానే అంజయ్య జరిగి చోటిచ్చాడు. బావ ఆ చోట్లో చేతులు దించి, వెనక్కి తీసుకున్నాడు. తనింకా నీళ్లలోనే ఉన్నాడు. పుట్టి మాత్రం ఆ పక్కకు ఒరిగింది. అంజయ్య నా మొహం చూశాడు. నేను నీళ్ల దిక్కు చూశాను.

తర్వాత బావ ఎక్కాడు. కమాను కింద నుంచి, రోడ్డు మీదుగానే బయటికి వచ్చాం.

బావను బస్సు ఎక్కించి, ఇప్పుడు బస్టాండు పక్క హోటల్లో కూర్చొని రాస్తున్నాను. చేవెళ్ల బస్సు ఇంకా కదల్లేదు. ఎక్కగానే బావ ఒక ఫుల్లు, ఒక హాఫ్ టికెట్ అడిగాడు. "హాఫ్ ఎవరికి?" అన్నాడు కండక్టర్. బావ కిటికీ పక్క సీటు చూపించాడు. కండక్టర్ కాసేపు అటే చూసి, రెండు టికెట్లు చింపి ఇచ్చాడు.

బస్సు నిండిపోయింది, చాలామంది నిలబడి ఉన్నారు. ఆ సీటు మాత్రం ఎవరూ అడగలేదు.

డ్రైవర్ మీ హాస్టల్ ముందు బస్సు ఆపి ఈ ఉత్తరం పంపిస్తాడు. నువ్వే రోడ్డు మీదికి వచ్చి దింపుకో అక్కా. ఇద్దరినీ.
శాంసన్