ఎర్త్ వైరు కింద నీలం రంగు

అన్నయ్యకు,

నాన్న కారు లైట్లు వేస్తే వీధి చివరి గోడ మీద పోస్టర్ అక్షరాలు చదవొచ్చు ఇప్పుడు. ఆగలేక ఈ మాట ముందే రాసేస్తున్నాను.

"బల్బులు మార్చు. అప్పటికీ సరిగ్గా వెలగకపోతే అమ్మేద్దాం, ముసలి బండితో నీకెందుకే ఈ తంటాలు?" అన్నావు ఫోనులో. బల్బులు మార్చాను. అదే గుడ్డి వెలుగు. బ్యాటరీ పోయిందన్నాడు మెకానిక్. మీటరు పెట్టి చూస్తే బ్యాటరీ నిక్షేపంలా ఉంది. దాంతో నాకు పంతం వచ్చింది.

లైటు నుంచి వేరే వైరు లాగి, నేరుగా బ్యాటరీ మైనస్‌కి ఆనించాను. షెడ్డు గోడంతా వెలుగుతో భగ్గుమంది. అమ్మ కాఫీ గ్లాసుతో గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఏం చేశావే!" అంది. కోప్పడుతోందనుకున్నాను, నవ్వుతోంది.

అంటే తేడా ఎర్త్ వైరులోనే ఉంది, లైటు నుంచి కరెంటుని కారు బాడీ మీదుగా బ్యాటరీకి తిరిగి చేర్చేది అదే. దాన్ని కారు బాడీకి బిగించిన బోల్టు విప్పాను. కింద ఇనుము కనిపించలేదు. నీలం రంగు, దిట్టంగా మూడు పూతలు.

నిరుడు వేసింది నువ్వే. "గోరంత చోటు కూడా వదల్లేదు" అని అందరికీ చెప్పుకున్నావు. నిజమే, వదల్లేదు. కానీ రంగులోంచి కరెంటు పారదు అన్నయ్యా. గరుకు కాగితంతో గీకి, ఇనుము మెరిశాక మళ్లీ బిగించాను.

కారు అమ్మడం లేదు.

నీ కారుకీ అదే వారం రంగు వేశావు కదా. దాని లైట్లూ మసగ్గానే ఉన్నాయని వదిన చెప్పింది. ఆదివారం పట్టుకురా. గరుకు కాగితం ఇంకా మిగిలింది.

నీ చెల్లెలు