నిశాంత్ ఫోటో ఉన్న కార్డు

ఫ్రీమాంట్, కాలిఫోర్నియా
12 అక్టోబర్ 2011, బుధవారం

చిరంజీవి సౌభాగ్యవతి అనురాధకు,

మీ అక్క ఛాయాదేవి దీవించి రాస్తున్న ఉత్తరం. వేంకటేశ్వరుడి దయవల్ల ఇక్కడ నేనూ నీ కొడుకూ ఉన్నాం. ప్లేనోలో నువ్వూ చక్రపాణీ కులాసాగా ఉన్నారని తలుస్తాను. దేదీప్య కొత్త ఇల్లు సర్దుకుందా? అల్లుడుగారికి నా ఆశీస్సులు చెప్పు. పెళ్ళయి అప్పుడే ఏడాది కావస్తోంది.

ఇవన్నీ ఫోన్లో అడగవచ్చు. కానీ నిశాంత్ పేరు ఎత్తగానే నువ్వు ఫోన్ పెట్టేస్తున్నావు. అందుకని కాగితం తీశాను. నాకు ఎక్కువ రాయడం రాదు. నువ్వు అప్పగించిన పని ఏమయిందో రాస్తాను.

జూలైలో నువ్వు ఇక్కడికి వచ్చిన మూడో రోజున వాడి జీన్స్ వాషర్‌లో వేయబోతూ జేబులు ఖాళీ చేశావు. పర్సులో ఆ కార్డు దొరికింది. వాడి ఫోటో, కౌంటీ పేరు, తొమ్మిది అంకెల నంబరు, పెద్ద అక్షరాలతో మెడికల్ మారిజువానా అన్న మాట. పేరు లేదు. ఈ రాష్ట్రంలో డాక్టరు రాసిచ్చిన రోగులకు గంజాయి మందుగా ఇస్తారు, దానికి కౌంటీ వాళ్ళు ఏడాదికోసారి ఇలా కార్డు ఇస్తారు. అది నీకు తెలియక కాదు. ఇరవై ఆరేళ్ళ కుర్రాడికి, పొద్దున్నే జిమ్‌కి పోయేవాడికి, ఏం రోగమని ఇచ్చారు అన్నది నీ ప్రశ్న. డాక్టర్ని కొనుక్కుని ఉంటాడని నువ్వే జవాబు కూడా చెప్పుకున్నావు.

నీదేనా ఇది అని అడిగావు. ఫోటో నాదే కదా మమ్మీ అన్నాడు. చెంప మీద కొట్టావు. నేను అప్పుడు దేవుడి గదిలో విష్ణు సహస్రనామం చదువుతున్నాను. అంతా వినపడింది. అక్కా, నీ ఇంట్లో ఈ గదిలో దేవుడు, ఆ గదిలో గంజాయి, ఏ దేవుడికి పెడుతున్నావే నైవేద్యం అని తలుపు దగ్గర నిలబడి అరిచావు. నేను లేవలేదు. ఆ మధ్యాహ్నమే టికెట్ మార్చుకుని వెళ్ళిపోయావు.

మళ్ళీ సెప్టెంబరులో ఫోన్ చేశావు. కార్డు గడువు అక్టోబరు ఇరవయ్యో తారీఖని నువ్వు రాసి పెట్టుకున్నావట, నంబరు కూడా. స్టేట్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే కార్డు చెల్లుతుందో లేదో చెప్తుందట. తారీఖు దాటాక నన్ను చూడమన్నావు. గడువు పోయి ఊరుకున్నాడంటే నా కొడుకే. మళ్ళీ చేయించుకున్నాడంటే దీపావళికి కాదు కదా, నా తద్దినానికి కూడా నా గడప తొక్కక్కర్లేదు అన్నావు. నువ్వు అబద్ధమాడవు, చూసి నాకు చెప్పు అన్నావు.

నాకు కంప్యూటర్ సరిగా రాదు. అందుకని నిశాంత్‌నే అడిగాను. దాచిపెట్టి చూడడం నాకు ఇష్టం లేదు. వాడు నవ్వాడు. మమ్మీ నన్ను ట్రాక్ చేస్తోందా పెద్దమ్మా, పిజ్జా డెలివరీలాగా అన్నాడు. వాడే లాప్‌టాప్ తెచ్చి నా పక్కన కూర్చుని, నువ్వు చెప్పిన నంబరు వాడే కొట్టాడు. తెర మీద కార్డు చెల్లుతుంది అని వచ్చింది. అప్పటికింకా గడువు ఉంది కదా. చూశావుగా, నౌ టెల్ హర్ అన్నాడు. తర్వాత బయటికి వెళ్ళి కారు కడిగాడు. శుభ్రంగానే ఉన్న కారు.

నేను ఈ మూడు నెలలూ చూస్తూనే ఉన్నాను. వాడి బట్టలకు ఆ వాసన లేదు. ఆఫీస్‌కి ఒక్కరోజు ఆలస్యంగా వెళ్ళలేదు. శనివారం లివర్‌మోర్ గుడికి నన్ను వాడే డ్రైవ్ చేసి తీసుకెళ్తాడు, గుడిలో పులిహోర కోసం వస్తున్నానని అందరితోనూ చెప్తాడు. నాకు పూజకి పూలు కోసి పెడతాడు. ఎర్రమందారం కోయమంటే గులాబీ కూడా కోస్తాడు, అదీ రెడ్డే కదా పెద్దమ్మా అంటాడు.

గడువు దగ్గర పడుతుంటే నేను వాడితో చెప్పాను. ఈసారి వద్దురా, మీ అమ్మ మాట మన్నిద్దాం, ఈ కార్డు ఇలాగే పోనిద్దాం అన్నాను. వాడు అన్నం కలుపుకుంటూ తల ఎత్తలేదు. పెద్దమ్మా, దిస్ ఈజ్ నాట్ ఎ డిస్కషన్, శుక్రవారం తొమ్మిదిన్నరకి అపాయింట్‌మెంట్ బుక్ చేశాను, నువ్వు కూడా రావాలి, లోపల చలి, శాలువా తెచ్చుకో అన్నాడు. మీ అమ్మ నిన్ను ఇంటికి రానివ్వదురా అన్నాను. తెలుసు అన్నాడు. మజ్జిగ పోసుకున్నాడు.

ఏడో తారీఖు శుక్రవారం వెళ్ళాం. ఓక్‌లాండ్‌లో కౌంటీ ఆఫీస్. ఎనిమిది వందల ఎనభై నంబరు ఫ్రీవే మీద ఎప్పటిలాగే కార్లు నిలిచిపోయాయి. నేను లలితా సహస్రనామం పూర్తి చేసుకున్నాను. ఆ ఆఫీస్‌లో మనం అనుకునే మనుషులు లేరు రాధా. వీల్‌చైర్‌లో ఒక ముసలాయన, చేతులు వణుకుతున్నాయి. ఒకావిడ తలకి గుడ్డ కట్టుకుని అల్లిక అల్లుకుంటోంది. ఒక తల్లి, మూర్ఛ వచ్చే కూతురు. నంబరు పిలిస్తే లేచి వెళ్ళారు, వచ్చారు.

మా నంబరు పిలిచారు. కౌంటర్లో ఆవిడ లావుపాటి, చల్లగా మాట్లాడే మనిషి. డాక్టరు కాగితం, వాడి లైసెన్స్, పాత కార్డు చూసింది. ఫోటో తీస్తూ, హనీ, ఇది జైలు ఫోటో కాదు, కొంచెం నవ్వొచ్చు అంది. వాడు నవ్వలేదు. వాడి కళ్ళు అచ్చు నీ కళ్ళలాగే ఉన్నాయి అప్పుడు. కొత్త కార్డు నెలలోపు పోస్ట్‌లో వస్తుందని చెప్పింది.

కాబట్టి నువ్వు అడిగినదానికి జవాబు ఇది. ఇరవయ్యో తారీఖు దాకా ఆగి వెబ్‌సైట్ చూడనక్కర్లేదు. కార్డు మళ్ళీ చేయించాడు. నేను పక్కనే ఉన్నాను.

వాడి మీద కోపం పెట్టుకోకు అని మాత్రం అడుగుతున్నాను. దీపావళికి రమ్మను. వాడు మీ డాలస్‌కి టికెట్ చూసుకుని, కొనకుండా పెట్టుకున్నాడు. రోజూ ధర చూసి మూసేస్తున్నాడు. నేను పెద్దదాన్ని, నా మాట మీద నమ్మకం ఉంచి ఈ ఒక్కసారికి కారణం అడగకుండా పిలువు.

చక్రపాణికి ఆశీస్సులు. ఆయన బీపీ మందులు మానకుండా చూసుకో.

ఇట్లు
నీ మేలు కోరే
అక్క ఛాయాదేవి

తా.క.

శుక్రవారం, 14వ తారీఖు.

పైన ఉన్న ఉత్తరం కవరులో పెట్టి రెండు రోజులు దేవుడి పటం ముందు ఉంచాను. కవరు అంటించలేకపోయాను. రాసిందంతా జరిగిందే. అసలు సంగతి మాత్రం రాయలేదు. కారణం అడగకుండా పిలవమని నిన్ను అడగడం నాకు తగదు.

ఆ కార్డు మీద వాడి ఫోటో పక్కన చిన్న అక్షరాలతో కేర్‌గివర్ అని ఉంటుంది. కోపంలో నువ్వు చూడలేదు. రోగి కోసం మందు తెచ్చి ఇచ్చే మనిషికి ఇచ్చే కార్డు అది. రోగికి వేరే కార్డు ఉంటుంది. అది నా హ్యాండ్‌బ్యాగ్‌లో ఉంది. రోగిని నేను. పోయిన శుక్రవారం కౌంటీ ఆఫీస్‌లో ఇద్దరికీ ఫోటోలు తీశారు. డాక్టరు కాగితం నాది.

కడుపులో కాన్సర్. పోయిన ఏడాది ఆగస్టులో తెలిసింది. కీమో ఇచ్చాక ఏం తిన్నా నిలిచేది కాదు. మంచినీళ్ళు కూడా. డాక్టరే ఈ గంజాయి చుక్కలు రాసింది. నాలుక కింద నాలుగు చుక్కలు వేసుకుంటే గంటకి ఆకలవుతుంది, రెండు ముద్దలు లోపల ఉంటాయి. మొదట్లో నేను ఒప్పుకోలేదు. దేవుడి గది ఉన్న ఇంట్లో ఇదేమిటి అన్నాను, నువ్వు అన్నట్టే. నిశాంత్ నాతో వాదించలేదు. సీసా తెచ్చి పటం ముందు పెట్టి, పెద్దమ్మా, నువ్వు దేవుడికి చూపించకుండా ఏదీ తినవు కదా, చూపించేశాను, ఆయన నో అనలేదు అన్నాడు. అప్పటి నుంచి వేసుకుంటున్నాను. కొట్టుకు వెళ్ళి తెచ్చే ఓపిక నాకు లేదు. వాడు వెళ్ళాలంటే వాడికి కార్డు ఉండాలి. సంగతి అంతే.

నీకు ఎందుకు చెప్పలేదంటే, అప్పటికి దేదీప్య పెళ్ళికి లగ్నపత్రిక రాసుకున్నారు. పెళ్ళింట్లోకి ఈ మాట పంపకూడదనుకున్నాను. పెళ్ళికి రాకుండా మోకాళ్ళ నొప్పి అన్నాను. పెళ్ళయ్యాక చెబుదామనుకున్నాను. ఒకసారి చెప్పకపోతే తర్వాత నోరు రాదు. నిశాంత్ చెయ్యి నా తల మీద పెట్టించుకుని మీ అమ్మకి చెప్పనని ఒట్టు వేయించుకున్నాను. వాడు ఇక్కడే పుట్టినవాడు, ఒట్టు అంటే ఏం తెలుసులే అనుకున్నాను. ఒట్టు తప్పితే నాకేదో అవుతుందని నమ్మాడు. నువ్వు కొట్టినా చెప్పలేదు.

జూలైలో నా గుండు చూసి ఏం మొక్కు అక్కా అన్నావు. వెంకన్న మొక్కు అన్నాను. నా తల నిమిరి, కళ్ళకద్దుకున్నావు. నేను అన్నం వదిలేస్తుంటే ఇన్ని ఉపవాసాలా, నీ పుణ్యమే మా అందరినీ కాస్తోంది అన్నావు. నేను అవునని అనలేదు. కాదనీ అనలేదు. నువ్వు అబద్ధమాడవు అని సెప్టెంబరులో ఫోన్లో అన్నప్పుడు కూడా ఊరుకున్నాను.

పారాయణ మధ్యలో లేవకూడదు కాబట్టి ఆ రోజు లేవలేదని నువ్వు అనుకుని ఉంటావు. లేస్తే చెప్పవలసి వస్తుందని లేవలేదు. నువ్వు వాడిని కొట్టిన చప్పుడు వినపడ్డాక కూడా పుస్తకం చూసి చదువుతూనే ఉన్నాను. ఏ నామం దగ్గర ఉన్నానో తెలియదు. నువ్వు టాక్సీ ఎక్కాక వాడు తలుపు దగ్గరికి వచ్చి, ఫినిష్ చేసుకో పెద్దమ్మా, నేను కాఫీ పెడతాను అన్నాడు. చెంప ఎర్రగా ఉంది. నేను మిగిలింది చదివాను. ఏడుపు రావాలి. రాలేదు. ఈ మధ్య ఏదీ రావడం లేదు. దీపం వెలిగిస్తాను, దణ్ణం పెడతాను, అడగడానికి ఏమీ తోచదు. ఇవాళ ఒక్కటి తోచింది, నీకు రాయమని.

నిన్న సాయంత్రం వాడి చెయ్యి మళ్ళీ నా తల మీద పెట్టించుకుని, ఆ ఒట్టు తీసి గట్టున పెట్టాను. నీకు నేనే రాస్తానని చెప్పాను. పెద్దమ్మా, ఆర్ యూ ష్యూర్ అని రెండుసార్లు అడిగాడు. తర్వాత వెళ్ళి డాలస్ టికెట్ కొన్నాడు. నువ్వు రమ్మంటే వస్తాడు. వద్దంటే డబ్బు తిరిగి ఇవ్వరట, ఫర్వాలేదన్నాడు.

ఉత్తరం చదవగానే నువ్వు నాకు ఫోన్ చేస్తావు. నాకు వద్దు. ముందు వాడికి చెయ్యి. ఏం మాట్లాడాలో తెలియకపోతే ఏం తిన్నావని అడుగు. మిగతాది వాడే మాట్లాడతాడు.

ఇంకొక్క మాట. కొత్త కార్డు వచ్చే అక్టోబరు దాకా చెల్లుతుంది. నాకు డాక్టరు అంత చెప్పలేదు. మార్చి అంది. కౌంటర్లో ఆవిడ నిశాంత్‌కి ఒక కాగితం చదివి వినిపించింది. పేషెంట్ లేని రోజున కేర్‌గివర్ తన కార్డు వారంలోపు తెచ్చి తిరిగి ఇచ్చేయాలట. వాడు నా వైపు చూడకుండా సంతకం పెట్టాడు.

ఆ పనికి వాడిని ఒక్కణ్ణీ పంపకు రాధా. నువ్వు వెంట వెళ్ళు.