ఆత్మకథకు ఒకే పాఠకుడు

బావమరిదికి,

నా కాగితాల జోలికి ఇక రానని, మా పెళ్లైన కొత్తలో మీ అక్క ఎదుట మాటిచ్చావు. నెల తిరక్కుండా తప్పావు. అయినా మొన్న కంప్యూటర్ బాగుచేస్తానంటే నమ్మి, కుర్చీ వేసి మరీ కూర్చోబెట్టాను.

ఆ తర్వాత భోజనాల దగ్గర, "నేనంత పిసినారినా బావా?" అని నలుగురిలో నిలదీశావు. ఆ ముక్క నా ఆత్మకథలో తప్ప ఎక్కడా లేదు. అదింకా అచ్చే కాలేదు. అనుమానం వచ్చి, స్పైవేర్‌ను పట్టే సాఫ్ట్‌వేర్ పెట్టి కంప్యూటరంతా గాలించాను. నేను కొట్టే ప్రతి అక్షరాన్నీ నీకు చేరవేస్తున్న ప్రోగ్రామ్ దొరికింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. పాపం, ఆయన దగ్గర ఈ సాఫ్ట్‌వేర్ లేదు కాబోలు.

దాన్ని తీసేయబోతుంటే మీ అక్క వెనక నుంచి, "ఆగండి. మీ రాతలు చదివేవాడు లోకంలో వాడొక్కడే. ఆ ఒక్కణ్ణీ తరిమేసుకుంటారా?" అంది.

పౌరుషానికి పోయి తీసేశాను. ఇప్పుడు కంప్యూటర్ భద్రంగా ఉంది. నేనే దాని ముందు కూర్చుని, ఎవరు చదవాలని రాయాలో తెలియక లేచి వచ్చేస్తున్నాను. నీ పిసినారితనం మీద అధ్యాయం సగంలో ఆగిపోయింది.

దొంగచాటుగా చదివినందుకు నిన్నైనా క్షమిస్తాను గాని, ఆ ఒక్క మాటతో నా పుస్తకాన్ని చంపింది మాత్రం మీ అక్క.