టేపు తేవద్దు

కార్పి,
9 మే 1984

ప్రియమైన నివెస్‌కి,

ఇర్మ రాస్తున్నది. మిల్లు తప్ప ఇక్కడ అందరం క్షేమం. పత్రికల్లో నవ్వుతూ కనిపిస్తున్నావు కాబట్టి నువ్వూ క్షేమమే అనుకుంటాను.

నిన్న మీ మేనేజర్ ఫోన్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం మా భోజనాలకి నువ్వొస్తావట, సంతోషం. తను టేపు తెస్తాడట. పాట అది పాడుతుందట, నువ్వు పెదాలు కదుపుతావట. టీవీలో అందరూ చేసేది అదే కదా మేడం అని నాకు పాఠం చెప్పాడు. ఆ మాట జెలిందా పెద్దమ్మ చెవిన వేశాను. టేపే అయితే మా మనవడి దగ్గరుందే, దానికోసం ఆ పిల్లని మిలాను నుంచి రప్పించడం దేనికి అంది.

కోపంగానే రాస్తున్నాను నివెస్. పదిహేనేళ్లప్పుడు మనిద్దరం పక్కపక్కన కూర్చుని స్వెట్టర్లకి చేతులు కుట్టాం. నలభై మిషన్ల మోతని దాటి నీ గొంతు చివరి వరస దాకా వినిపించేది. మేస్త్రీ నోర్ముయ్యమంటే ఇంకాస్త పెంచేదానివి. ఆ గొంతుని రికార్డుల కంపెనీ పట్టుకుపోయింది. పేరు మార్చి నాదియా రే అన్నారు, జుట్టుకి రంగేశారు. పాటల పోటీలో మూడో స్థానం వచ్చింది. ఆ వేసవంతా ఏ బార్ ముందు నడిచినా నీ పాటే. అది వట్టి చక్కెర పాకమని అప్పట్లో గోడపత్రికలో రాశాను. ఇప్పటికీ ఆ మాట వెనక్కి తీసుకోను. కానీ పాకమైనా అది నువ్వు కాచింది.

తర్వాత ఏం చేశారు? ఇరవై రెండేళ్ల గొంతుని డబ్బాలో పెట్టి, నలభై మూడేళ్ల మనిషిని దాని ముందు బొమ్మలా నిలబెట్టారు. నీ గొంతు పోయిందని నిన్నే నమ్మించారు. మా యజమానిదీ అదే పాట. మీ వేళ్లు నెమ్మదించాయి, ఇక ఇళ్లకి పొండి అన్నాడు. ఆ వేళ్లే పదకొండు వారాలుగా మిల్లుని ఆక్రమించి, వదలకుండా పట్టుకున్నాయి.

వచ్చే సోమవారం పోలీసులొచ్చి మమ్మల్ని ఖాళీ చేయిస్తారట. అందుకే ఆదివారం గేట్లు బార్లా తీసి ఊరందరికీ వడ్డిస్తున్నాం. ఊరు మా వెంట నిలబడితే సోమవారం వాళ్లు గేటు దాటలేరు. నువ్వు పాడితే ఊరొస్తుంది. బొంగురైతే బొంగురుగానే పాడు. మధ్యలో గొంతు చిట్లితే రెండువందలమందిమి అందుకుంటాం. చరణాలన్నీ అందరికీ వచ్చు. నాకూ వచ్చు, ఈ ముక్క ఎక్కడా అనకు.

మీ మేనేజర్‌కి గుమ్మడి గుజ్జు కూరిన తోర్తెల్లి కడుపునిండా పెడతాం. మాట్లాడనివ్వం.

నీ మీద అలిగే హక్కున్న
ఇర్మ

తా.క.: అసలు సంగతి దాచాను. మొన్న సోమవారమే యజమాని మిల్లుకి కరెంటు కోయించాడు. టేపు తెచ్చినా తిరగదు, మైకూ లేదు. ఎదురు బార్ నుంచి తీగ లాగుతామని మావాళ్లన్నారు, నేనే వద్దన్నాను. ముందే చెప్తే రావేమోనని భయపడ్డాను. నిన్ను మోసం చేసేవాళ్లు మిలానులో చాలినంతమంది ఉన్నారు, వాళ్లలో నేను చేరను. ఇప్పుడు నీకు తెలుసు. అయినా వస్తావు. రైలు పదకొండుంబావుకి, స్టేషన్లో ఉంటాను.