ఇంటిపేరు లేని పిల్ల

అక్టోబరు 4
అమ్మ కాకినాడ నుంచి వచ్చి వారం. కేంబ్రిడ్జ్‌లోని నా చిన్న ఫ్లాటుకి అప్పుడే మనింటి పోపు వాసన పట్టేసింది. ఆ వాసనకే పై ఫ్లాటులో ఉండే హెడ్డా దిగి వచ్చింది. అన్నం, పప్పుచారు, అప్పడాలు. చేత్తోనే తింటానని పంతం... చారు మోచేతి దాకా.

హెడ్డా ఒక దేశపు రాజుగారి మనవరాలు. ఈ బిల్డింగులో ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు. ఎవరికీ చెప్పనని మాటిచ్చాను. అమ్మకి కూడానా అంటే, అమ్మకి అసలే వద్దంది.

అక్టోబరు 5
అమ్మ అడగనే అడిగింది: "మీ ఇంటిపేరేంటమ్మా?"
నేను ఇంగ్లీషులోకి మార్చి హెడ్డాని అడిగాను. హెడ్డా ఉన్న నిజమే చెప్పింది — లేదని. రాజుల ఇళ్ళల్లో ఉండదట, ఎప్పుడూ అవసరం పడలేదట. ఆ రాజుల ముక్క అమ్మకి చెప్పకుండా మింగేశాను.
ఆ పిల్ల వెళ్ళగానే అమ్మ కళ్ళు తుడుచుకుంది. "ఇంటిపేరే లేదంటే నా అన్నవాళ్ళు లేనట్టేగా. పాపం, ఏ ఆశ్రమంలో పెరిగిందో ఏమో."
బాత్రూంలోకి పోయి, కుళాయి తిప్పి మరీ నవ్వాను.

అక్టోబరు 11
రోజూ పైకి క్యారేజీ. అమ్మకి నోరు తిరగక హెడ్డా కాస్తా హేమ అయింది. ఇవాళ తలకి కొబ్బరినూనె, బిగించి జడ, నడుమ నడుమ తిట్లు. తిట్లు తింటూ ఇంత మురిసిపోయే మనిషిని ఎక్కడా చూడలేదు.

అక్టోబరు 12
నువ్వుకీ మీరుకీ తేడా ఏంటని హెడ్డా అడిగితే చెప్పాను. మనపిల్లయితే 'వచ్చావా'. గొప్పవాళ్ళయితే 'వచ్చారా'. పుట్టిన దగ్గర్నుంచి తనకి రెండోదేనట... పెంచిన ఆయా దగ్గర కూడా. మీ అమ్మకి నేనెవరో తెలిస్తే ఏమంటుందని అడిగింది. అమ్మ మా వీధి బ్యాంకు మేనేజరు కొడుకునే మీరు అంటుంది. అబద్ధం చెప్పలేక, మీరనే అంటుందని చెప్పేశాను.
ఆ పిల్ల ముఖం చూస్తే నాకే బెంగ పట్టుకుంది.

అక్టోబరు 18
వాన. గారెలు. చదువు సున్నా.

అక్టోబరు 21
తాతగారి పుట్టినరోజు వేడుకకని హెడ్డా వాళ్ళ దేశం వెళ్ళింది. ఇవాళ అమ్మతో దుకాణానికి వెళ్ళి చూద్దును కదా, పేపరు మొదటి పేజీలో తనే. నెత్తిన కిరీటం. కిరీటం కింద — అచ్చం అమ్మ వేసే జడ!
అమ్మ అక్కడే ఆగింది. కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవగలదు... చదివిందా? కొత్తిమీర ఏ వైపని అడిగింది, అంతే.

అక్టోబరు 22
భోజనానికి వస్తున్నానని హెడ్డా మెసేజ్. పేపర్లో నీ ఫొటో అమ్మ చూసిందేమోనని రాశాను. 
అమ్మ పొద్దున్నుంచి ముభావం. పులిహోర కలిపింది. తర్వాత గదిలోంచి బయటికొస్తే ఒంటిమీద కంచిపట్టు చీర. పెళ్ళిళ్ళకి కట్టేది. అయిపోయింది అనుకున్నాను.
బెల్లు. అమ్మే తలుపు తీసింది. గుమ్మంలో హెడ్డా, ఆ చీరని చూసి బిగుసుకుపోయింది. అమ్మ ఎగాదిగా చూసింది.
"వచ్చావా. ఆ జడేంటే, అలా వదిలేశావ్? ముందు తిను, మళ్ళీ వేస్తాను."
హెడ్డా నా వైపు తిరిగింది. వచ్చావా — పెదాలతోనే అంది. కళ్ళనిండా నీళ్ళు, మూతినిండా నవ్వు. ఎంత తేలికపడ్డానో!
సాయంత్రం అమ్మని అడిగాను, పట్టుచీర ఎందుకు కట్టావని.
శుక్రవారం కదే, అంది.
ఇవాళ బుధవారం.