అరవై ఏళ్ళుగా పేలని రివాల్వర్

అజైబా, మస్కట్
శుక్రవారం

బావకు,

రామలక్ష్మి దండాలు. నేనిక్కడ గుండ్రాయిలా ఉన్నాను. నువ్వూ, నవీనా, అత్తమ్మా బాగున్నారని నీ ఉత్తరం చూశాక మనసు కుదుటపడింది. ఇక్కడే వాడి కబీర్ అనే పేటలో పనిచేసే మున్నీ మంగళవారం ఊరికి వస్తోంది. ఆమె చేతికి ఈ ఉత్తరం, నీ చెవి మిషన్‌కి రెండు అట్టల సెల్లులు ఇస్తున్నాను. మిషన్ గూట్లో దాచిపెట్టి నాకేం వినపడలేదంటే మాత్రం ఊరుకోను. అయినా మనకు ఉత్తరాలే నయం. ఫోనులో అయితే నేను అరవాలి, నువ్వు "ఆఁ?" అనాలి, మన కాపురం సంగతులు వీధంతా వినాలి.

ముందు నువ్వు అడిగినవాటికి జవాబులు. నా మోకాలి నొప్పి తగ్గింది, మందు ఆపేశాను. వేళకే తింటున్నాను. నవీనను అనంతపురం హాస్టలుకు పంపు. పరుగు పందెంలో జిల్లాకే రెండోదిగా వచ్చిన పిల్లను ఇంట్లో కూర్చోబెట్టి ఏం చేస్తావు? అత్తమ్మ సణుగుతుంది, సణగనీ. పిల్ల బస్సెక్కే రోజు అందరికంటే ముందు ఏడ్చేదీ, సంచిలో చెక్కలు కుక్కేదీ ఆమే.

ఇక నీ అసలు ప్రశ్న. "మీ బాబా ఆ రివాల్వర్ పేల్చాడా, దాచాడా" అని రెండుసార్లు రాసి, కింద గీత కూడా గీశావు. పెళ్ళాం మోకాలి మీద కంటే ముసలాయన తుపాకీ మీదే నీకు ధ్యాస ఎక్కువ. చెబుతాను, కానీ వరసగా చెబుతాను. చివరి కాగితం ముందు తిప్పావంటే నా మీద ఒట్టే.

పోయినసారి సగం సగం రాశాను కాబట్టి మొదటినుంచీ రాస్తున్నాను. మా బాబా, అంటే నేను పనిచేసే ఈ ఇంటి పెద్దాయన ఖల్ఫాన్, పుట్టింది ఆఫ్రికా పక్కనున్న జాంజిబార్ దీవిలో. అక్కడ అరబ్బుల మీద పెద్ద గొడవలు జరిగినప్పుడు ఆయనకు పన్నెండేళ్ళు. ఒక రోజు జనం కత్తులు, కర్రలతో వీళ్ళ ఇంటి మీదికి వచ్చారట. వాళ్ళ నాన్న అంతకుముందే కొన్న కొత్త రివాల్వర్ పట్టుకుని తలుపు వెనక నిలబడ్డాడు. బాబా, ఆయన అక్క రయ్యా మంచం కిందినుంచి చూస్తున్నారు. జనం తలుపు బాదారు, తిట్టారు, కాసేపటికి ఏమనుకున్నారో వెళ్ళిపోయారు. ఆయన పేల్చలేదు. ఆ వారమే పడవెక్కి ఒమాన్ వచ్చేశారు. ఆ తర్వాత కూడా ఆ తుపాకీ ఎన్నడూ పేలలేదు. లైసెన్సుతో, బీరువాలో తాళం వేసి, వెల్వెట్ పెట్టెలో ఉంటుంది. భయపడకు, తూటాలు ఇంట్లో లేవు. ప్రతి వారం పెట్టె మీద దుమ్ము తుడవడానికి తాళంచెవి నా చేతికే ఇస్తారు. ఆరేళ్ళుగా ఇస్తున్నారు.

ఇప్పుడు మ్యూజియంవాళ్ళు దాన్ని అడిగారు. ఒక్కసారి కూడా పేలని తుపాకీ, తయారైననాటి పూతతో సహా ఉండటం అరుదట. బాబా కూతురు షంసా మేడమ్ సంతోషంతో ఇల్లంతా తిరిగింది. బాబా మాత్రం ఇచ్చేముందు ఒక్కసారి పేల్చి చూస్తానని కూర్చున్నాడు. ఇద్దరికీ పది రోజులు ఒకటే వాదన. నేను గహ్వా, అదే వీళ్ళ కాఫీ, కప్పుల్లో పోసి అందిస్తూ అంతా వింటూనే ఉన్నాను.

"పేలిస్తే అది మామూలు ఇనుప ముక్క నాన్నా. తాతయ్య పేల్చకపోవడమే దాని గొప్ప" అంటుంది ఆమె.

"అదే నాకు తెలియాలి. మా నాన్న ఆ రోజు కావాలనే ఆగాడా? లేక అది పేలక, ఏమీ చేయలేక నిలబడ్డాడా? అరవై ఏళ్ళుగా నన్ను తొలుస్తున్న ప్రశ్న ఇది" అంటాడు ఈయన.

"పేలకపోతే? అప్పుడు తాతయ్య కథ ఏమైపోవాలి?"

బాబా ఆ ప్రశ్నను మా మీదికి తిప్పాడు, పేల్చాలా దాచాలా అని. ఇంట్లో అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు. దాచమన్నాను. నా సంగతి నీకు తెలుసు కదా, నేను దాచే మనిషిని. పెళ్ళిలో వచ్చిన స్టీలు క్యారియర్‌ని ఇప్పటికీ అట్టపెట్టెలోంచి తీయనిదాన్ని. నువ్వు ఉత్తరంలో రాసింది కూడా ఆయనకు చెప్పాను. మీ ముగ్గురాయి గనిలో మందు దట్టించిన గుంతల్లో ఒక్కటి పేలకుండా మిగిలినా, దాని సంగతి తేలేదాకా ఎవరికీ అన్నం దిగేది కాదని రాశావు కదా. బాబా ఆ మాట రెండుసార్లు చెప్పించుకున్నాడు. "నీ భర్తకు నా బాధ అర్థమైంది" అన్నాడు. నువ్వు మీసం తిప్పుకో.

చివరికి కూతురే గెలిచింది. బాబా సరేనన్నాడు కానీ ఆ రోజునుంచీ ఆయన ముఖంలో కళ లేదు. మ్యూజియంనుంచి ఒకామె వచ్చింది. బీరువా పైఅరలోంచి డ్రైవర్ బాషా పెట్టె దించి తెచ్చాడు. మన రాయచోటి పిల్లాడేనని రాశాను కదా, అతనే. ఆమె తెల్ల చేతి తొడుగులు వేసుకుని మూత తీసి, రివాల్వర్‌ను అటూ ఇటూ తిప్పి చూసింది. "దీని పూత ఏది?" అంది. తుపాకీ గొట్టం, తూటాలు పెట్టే చక్రం తెల్లగా, స్టీలు గ్లాసులా మెరుస్తున్నాయి. ఉండాల్సింది నీలం కలిసిన నలుపట. తయారుచేసినవాళ్ళు వేసిన పూత అదే, పోతే మళ్ళీ రాదట. ఇలా అయినదాన్ని తీసుకోలేమని చెప్పి వెళ్ళిపోయింది.

షంసా మేడమ్ ఏడ్చింది. తర్వాత బాషాను నిలదీసింది. పెట్టె దించింది అతనే కదా. పైగా ఖాళీగా ఉన్నప్పుడల్లా కారు అద్దాల చుట్టూ ఉన్న రేకును ఏదో మందు పెట్టి తళతళలాడించే అలవాటు అతనికి ఉంది. "నిజం చెప్పకపోతే వీసా రద్దు చేయిస్తాను" అంది.

బాషా వంటగదిలోకి వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. "అక్కా, నేను పెట్టె దించినా, అంతే. అల్లా మీద ఒట్టు, మూత కూడా తీయలేదు. నన్ను పంపించేస్తారేమో అక్కా" అన్నాడు.

బావా, ఇక్కడిదాకా తిన్నగానే రాశాను. ఇప్పుడు చెప్పబోయేది నీకు చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. చేయి ఒప్పుకోవడం లేదు.

ఆ పని చేసింది నేనే. మ్యూజియంవాళ్ళు వస్తున్నారని ముందురోజు ఇంట్లో ఉన్న ఇత్తడి గహ్వా కూజాలన్నీ చింతపండు, ఉప్పు వేసి తోమాను. బంగారంలా వచ్చాయి. దుమ్ము తుడుద్దామని పెట్టె తీస్తే, అన్నీ మెరుస్తున్న ఇంట్లో అదొక్కటీ నల్లగా కనిపించింది. పూత అనే మాట విన్నాను కానీ అది ఈ నలుపేనని తోచలేదు. పాపం, అరవై ఏళ్ళ చిలుము అనుకున్నాను. పెద్దవాళ్ళు చూడబోతున్నారు, మన చేతి పనితనం కనపడాలి అనుకున్నాను. మిగిలిన చింతపండు పట్టించి, పీచుతో నలుపు వదిలేదాకా రుద్ది, తుడిచి, ఎండలో ఆరబెట్టి మరీ పెట్టెలో పెట్టాను. దేవుడి సామాన్లు తోమిన రోజులాగే సంతోషంగా ఉన్నాను.

ఇంకా సిగ్గుపడాల్సింది ఏంటంటే, బాషా నా ముందు నిలబడి ఒట్టేస్తుంటే నా నోరు పెగల్లేదు. ఆ రోజంతా పెగల్లేదు. ఉద్యోగం పోతుందనే భయం ఒకటైతే, ఆరేళ్ళుగా తాళంచెవి చేతిలో పెట్టిన మనిషికి ముఖం ఎలా చూపించాలన్నది అంతకంటే పెద్ద భయం. ఒకరి బిడ్డ మీద నింద పడుతుంటే నేను ఉల్లిపాయలు తరుగుతూ కూర్చున్నాను. నీ పెళ్ళాం అంత మంచిదేమీ కాదు బావా.

మర్నాడు పొద్దున బాబా టీ తాగుతుంటే వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. నాకొచ్చిన హిందీ, అరబ్బీ కలిపేసి చెప్పేశాను. "బాబా, బాషా ఏం చేయలేదు. నేనే. చింతపండు పెట్టి తోమినా. మురికి అనుకున్నా. నన్ను పంపించేయండి, ఆ పిల్లోణ్ణి ఏమనొద్దు" అన్నాను.

బాబా కప్పు కింద పెట్టాడు. "చింతపండా?" అన్నాడు. అవునన్నాను. "పులుసులో వేస్తావు, అదేనా?" అన్నాడు. అదేనన్నాను. ఆయన నవ్వడం మొదలుపెట్టాడు బావా! పొట్ట పట్టుకుని, దగ్గు వచ్చి, కళ్ళల్లో నీళ్ళు కారేదాకా నవ్వాడు. తర్వాత కూతుర్ని పిలిచి అంతా చెప్పి, "ఖలాస్, ఇంక అది మ్యూజియంకు పనికిరాదు. ఇక నేను పేల్చవచ్చు కదా" అన్నాడు. ఆమె నా వైపు చూసిన చూపు నేను రాయను. కానీ ఆమే వెళ్ళి బాషాకు క్షమించమని చెప్పింది. నేనూ చెప్పాను.

"పోనీలే అక్కా, ఒక్క రోజు ఆలస్యంగా చెప్పినావు, అంతే కదా. ఆ ఒక్క రోజే నాకు ఏడాది మాదిరి గడిచింది" అన్నాడు వాడు. దాచుకున్న రాగిపిండి మొత్తం తీసి వాడికి సంగటి, ఊరిబిండి పచ్చడి చేసి పెట్టాను. తిన్నాడు. మారు కూడా అడిగాడు.

తుపాకీల క్లబ్బులో ఒకాయన దాన్ని విప్పి, లోపల తడి చేరలేదని చూసి, మూడు రోజులు పెట్టుకుని సరేనన్నాడు. నిన్న గురువారం అందరం వెళ్ళాం. షంసా మేడమ్ కారు దిగనంది. "ఎన్ని తూటాలు?" అని క్లబ్బాయన అడిగితే, "ఒకటి చాలు" అన్నాడు బాబా. మా అందరి చెవులకూ మూతలు పెట్టారు. బాబా చేయి చాపాడు. పేల్చకుండానే దించాడు. పేలకపోతే ఆ ముసలాయన ఏమైపోతాడో అని, తెలిసిన దేవుళ్ళందరికీ మొక్కాను. రెండోసారి చేయి చాపాడు.

పేలింది బావా.

బాబా తుపాకీ బల్ల మీద పెట్టి, తలగుడ్డ తీసేసి, పక్కనున్న బెంచీ మీద కూలబడ్డాడు. "పేలుతుంది. ఇది పేలే తుపాకీనే. నాన్న కావాలనే ఆగాడు" అని మళ్ళీ మళ్ళీ అన్నాడు. చప్పుడు విని మేడమ్ కారు దిగి పరిగెత్తుకొచ్చి నాన్నను పట్టుకుంది. నాకూ ఏడుపు ఆగలేదు. నేను చేసిన తప్పు పనికి ఇంత సంతోషం చూస్తానని కలలో కూడా అనుకోలేదు.

తర్వాత నిజ్వాలో ఉన్న అక్క రయ్యాకు ఫోను చేశాడు. ఆమెకిప్పుడు ఎనభైకి దగ్గర. ఇద్దరూ జాంజిబార్ భాషలోనే మాట్లాడుకుంటారు. పేలింది అక్కా, అని చెప్పాడు. తర్వాత ఆమె ఏదో అంది. బాబా ఆ మాటను మళ్ళీ అనిపించుకుని, ఫోను మేడమ్ చెవికి ఆనించాడు. ఏమందని నేను మేడమ్‌ను మెల్లగా అడిగాను.

"అయితే ఆ రోజు తలుపు బయట నిలబడ్డవాళ్ళకు కూడా ఇప్పుడు మనవళ్ళు ఉంటారు తమ్ముడూ, అంది" అని చెప్పింది మేడమ్.

ఇట్లు,
తిట్లు తినాల్సింది పోయి గహ్వా తాగి వచ్చిన
నీ భార్య రామలక్ష్మి